అన్నీ తెలిసిన ఊరు, ఏమీ చూడని ఊరు

(ఇలినాయ్ రాష్ట్రం షాంపేన్‌లో తెలుగువాళ్ల సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా, చిన్న చిన్న సవరణలతో రాతలో పెట్టినది.)

అందరికీ నమస్కారం.

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పల్లెల్లోని చీకటి కోణం గురించి మాట్లాడమన్నారు. ఇలాంటి విషయం చెప్పగానే తుపాకులు, గుర్రాలు, షెరీఫులు, బారులో కాల్పులు గుర్తొస్తాయి. కాస్త చదివినవాళ్లకి కేన్సస్‌లో బాటసారుల్ని చంపి పెరట్లో పూడ్చిపెట్టిన బెండర్ కుటుంబం గుర్తొస్తుంది. అది 1873 నాటి సంగతి. వాటి జోలికి నేను వెళ్లను. హంతకులు ఎక్కడైనా ఉంటారు, దానికి చిన్న ఊరే కానక్కర్లేదు. ఆదివారం చర్చికి వెళ్లి, జబ్బు చేస్తే పక్కింటివాళ్లకి సూపు పంపే మామూలు ఊళ్ల గురించి చెప్తాను. అక్కడి మంచివాళ్లు చేసిన పనుల గురించే చెప్తాను.

ముందు ఒక లెక్క. 1860 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో పదిమందిలో ఎనిమిదిమంది, 2,500 జనం కూడా లేని ఊళ్లలోనో పొలాల మధ్యనో ఉండేవాళ్లు. 1900లో కూడా పదిమందిలో ఆరుగురు అలాగే ఉన్నారు. అంటే మనం మాట్లాడేది దేశంలో ఏదో మూల గురించి కాదు. ఆ రోజుల్లో దేశమంటే అదే.

ఆ ఊళ్ల గురించి అందరూ మెచ్చుకునే మాట ఒకటుంది. అక్కడ అందరికీ అందరూ తెలుసు అని. నిజమే, తెలుసు. ఎవరి పిల్లకి దగ్గు పట్టింది, ఎవరికి ఎంత అప్పుంది, ఎవరు పోయిన ఆదివారం చర్చికి రాలేదు, అన్నీ తెలుసు. అంత తెలిసిన ఊరు ఆ తెలిసినదాంతో ఏం చేసింది? ఈ సాయంత్రం నేను అడిగేది ఇదొక్కటే.

మీలో షికాగో వెళ్లిరాని వాళ్లుండరు. 57వ నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్తుంటే కాంకకీ దాటాక మాంటీనో అని బోర్డు కనిపిస్తుంది. చాలామందికి అది కారులో పెట్రోలు పోయించుకునే చోటు. ఇలినాయ్ సెంట్రల్ రైలుమార్గం పడ్డాక 1850లలో దాని పక్కనే పెరిగిన ఊరది. అక్కడ థియోఫిలస్ ప్యాకర్డ్ అనే కాల్వినిస్టు (ప్రొటెస్టెంట్ క్రైస్తవంలో ఒక శాఖ) పాస్టర్ ఉండేవాడు. భార్య ఎలిజబెత్. ఇద్దరిదీ మసాచుసెట్స్. 1839లో పెళ్లయింది. ఆయన ఆమెకన్నా పద్నాలుగేళ్లు పెద్ద. ఆరుగురు పిల్లలు. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆమె మంచి ఇల్లాలని పేరు తెచ్చుకుంది. తోటపని, కుట్టుపని, వంట, దేనికీ ఎవరూ వంక పెట్టలేదు. తర్వాత కోర్టులో ఆమెకి ఎదురు సాక్ష్యం చెప్పినవాళ్లు కూడా ఇంటిపనిలో తప్పు చూపించలేకపోయారు.

గొడవ ఎక్కడ మొదలైందంటే చర్చిలో పెద్దవాళ్ల బైబిల్ తరగతిలో. మనిషి పుట్టుకతోనే పాపి అని ఆయన బోధించేవాడు. పసిపిల్లలు పాపులేమిటి, నాకు అలా అనిపించడం లేదు అందామె. భర్త ఒకలా నమ్మితే భార్య ఇంకోలా నమ్మొచ్చు అంది. చిన్న మాటలే. కానీ చెప్పిన చోటు చూడండి. పాస్టరు భార్య, పాస్టరు చర్చిలో, నలుగురి ముందు. పైగా ఆమె మాటలు వినడానికి తరగతికి వచ్చేవాళ్లు పెరిగారు. ఇంట్లో ఎంత వాదించుకున్నా గోడల మధ్య ఉండిపోయేది. ఊరి ముందు భార్య ఎదురు చెప్పాక ఆ పాస్టరు ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఆయన జీతం ఇచ్చేది ఆ ఊరే కదా.

ఆయన వెతుక్కున్న దారి ఏమిటంటే, ఈవిడకి మతి చలించింది అనడం. దానికి ఆధారం కూడా ఒకటి దొరికింది. పెళ్లికి ముందు, 1836లో, జబ్బు చేసినప్పుడు వాళ్ల నాన్న ఆమెని కొన్ని వారాలు వూస్టర్‌లోని మానసిక ఆసుపత్రిలో పెట్టించాడు. ఇరవై నాలుగేళ్ల కిందటి ముచ్చట. చిన్న ఊళ్లలో పాత సంగతులకి కాలదోషం పట్టదు.

ఇప్పుడు చట్టం సంగతి వినండి. ఇలినాయ్‌లో 1851లో చేసిన చట్టం ప్రకారం ఎవరినైనా పిచ్చాసుపత్రికి పంపాలంటే రుజువు కావాలి. పెళ్లయిన ఆడదానికి మాత్రం ఆ రుజువు అక్కర్లేదు. భర్త అడగాలి, ఆసుపత్రి పెద్ద డాక్టరు సరే అనాలి, అంతే. మైనర్ పిల్లలకీ అదే లెక్క. ఆ వాక్యం చట్టంలో నేరుగా ఉంది, ఎవరో పెడర్థం తీసినది కాదు.

1860 జూన్ 18న పొద్దున్నే ఆయన ఇద్దరు డాక్టర్లని, షెరీఫుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ డాక్టర్లిద్దరూ ఆయన చర్చివాళ్లే. ఎలిజబెత్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం ఆమె గది తలుపు వేసుకుని ఉంది. గొడ్డలితో కిటికీ పగలగొట్టి లోపలికొచ్చారు. ఇద్దరూ నాడి పట్టుకుని చూశారు. పిచ్చి అన్నారు. నాడి చూసి పిచ్చి తేల్చడం ఏ వైద్యమో నాకు తెలియదు. నా కాళ్ల మీద నేను నడిచి రాను, మీరే మోసుకెళ్లండి అందామె. మోసుకెళ్లారు. స్టేషన్లో జనం గుమిగూడారు. ఆమె అంటే ఇష్టమున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఎవరూ అడ్డం రాలేదు. షెరీఫు దగ్గర కాగితాలున్నాయన్నారు, కాగితాలుంటే మనమెవరం అనుకున్నారు. చిన్న కొడుక్కి అప్పటికి రెండేళ్లు కూడా లేవు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌కి పడమరన జాక్సన్‌విల్ అనే ఊళ్లో ఉంది ఆ పిచ్చాసుపత్రి. మూడేళ్లు అక్కడే ఉంచారు. పెద్ద డాక్టరు పేరు ఆండ్రూ మెక్‌ఫార్లాండ్. మొదట్లో ఆమెని గౌరవంగానే చూశాడు. ఆమె ఆసుపత్రిలో జరిగే దౌర్జన్యాల మీద ఉత్తరాలు రాయడం, ఆయన్నే నిలదీయడం మొదలుపెట్టాక తీసుకెళ్లి బాగా ముదిరిన రోగులుండే వార్డులో పడేశాడు. నేను తప్పుగా ఆలోచించాను అని ఒక్క మాట అంటే ఇంటికి పంపేవాళ్లు. అనలేదు. 1863 జూన్‌లో, ఈ జబ్బు నయం కాదు అని రాసి బయటికి పంపారు. మూడేళ్ల క్రితం లేని జబ్బు ఇప్పుడు నయం కూడా కాదట!

ఇంటికి తిరిగొచ్చాక భర్త ఆమెని పిల్లల గదిలో పెట్టి తాళం వేశాడు. కిటికీలకి మేకులు కొట్టించాడు. చట్టంలో తమాషా చూడండి: ఆసుపత్రికి పంపాలంటే భర్తకి హక్కుంది, సొంతింట్లో బంధించడానికి లేదు. ఎలిజబెత్ ఒక చీటీ రాసి కిటికీ సందులోంచి జారవిడిచింది. అది సారా హాస్లెట్ అనే స్నేహితురాలికి చేరింది. ఆమె ఊరుకోలేదు, అది కాంకకీ జడ్జి చార్లెస్ స్టార్ దాకా వెళ్లింది. ఆయన హేబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకు తేవాలన్న ఆజ్ఞ, జారీ చేసి, ఆమెకి నిజంగా పిచ్చి ఉందా లేదా జ్యూరీ తేల్చాలన్నాడు.

1864 జనవరిలో విచారణ జరిగింది. అక్కడ చెప్పిన సాక్ష్యాలు చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒక డాక్టరు కుట్టుమిషన్లు అమ్మేవాడిలా నటించి ఆ ఇంటికి వెళ్లి ఆమెతో మాట్లాడాడు. ఆయన ఆమె పిచ్చికి వరసగా కారణాలు చెప్పాడు. నేను నా కాలం కన్నా ముప్ఫై నలభై ఏళ్లు ముందున్నాను అంటుంది, అదొకటి. తనని పిచ్చిది అంటే ఒప్పుకోదు, అదింకొకటి! ఒప్పుకుంటే పిచ్చి, ఒప్పుకోకపోయినా పిచ్చే. ఊరివాళ్లలో కొందరు వచ్చి, ఆమె పాస్టరుకి ఎదురు చెప్పింది, మా చర్చి వదిలేసి ఇంకో చర్చికి వెళ్తానంది అని చెప్పారు. వాళ్లు అబద్ధం ఆడలేదు. ఆమె అన్నమాట నిజమే. అది రోగలక్షణం అని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు.

ఎలిజబెత్ భావాలన్నీ మనకి నచ్చేవేమీ కావు. దైవంలో స్త్రీ అంశ ఉందని ఆమె అనేది. ఆత్మల గురించి ఏవేవో చెప్పేది. ఈ రోజుకీ కొన్ని మాటలు వింతగానే ఉంటాయి. వింతగా మాట్లాడితే తాళం వెయ్యొచ్చా అన్నదే జ్యూరీ ముందున్న ప్రశ్న. పన్నెండుమంది మగవాళ్లు ఏడు నిమిషాల్లో తేల్చేశారు, ఆమెకి పిచ్చి లేదని. కోర్టులో ఉన్న ఆడవాళ్లు చేతిరుమాళ్లు ఊపుతూ ఆమె చుట్టూ మూగారట.

గెలిచి ఇంటికొచ్చేసరికి ఇంట్లో వేరేవాళ్లున్నారు. విచారణ ముగియకముందే భర్త పిల్లల్ని, సామాన్లని తీసుకుని మసాచుసెట్స్ వెళ్లిపోయాడు. పిల్లల మీద, ఆస్తి మీద చట్టం అతని వైపే ఉంది.

ఆ తర్వాత ఆమె పుస్తకాలు రాసి, సొంతంగా అచ్చేయించి, అమ్ముకుంటూ బతికింది. రాష్ట్రాల చట్టసభల చుట్టూ తిరిగింది. ఇలినాయ్‌లో 1867లో కొత్త చట్టం వచ్చింది. భార్య అయినా ఎవరైనా జ్యూరీ విచారణ లేకుండా పిచ్చాసుపత్రికి పంపకూడదని.

ఈ కథకి ముందు ఇంకో కథ ఉంది. జాక్సన్‌విల్‌లో ఆ ఆసుపత్రి ఎందుకు కట్టారో తెలుసా? పల్లెల్లో మతిలేనివాళ్లని ఎంత ఘోరంగా చూస్తున్నారో చూడలేక డొరొథియా డిక్స్ అనే ఆవిడ రాష్ట్రాలన్నీ తిరిగి పోరాడింది. 1843లో మసాచుసెట్స్ చట్టసభకి ఒక విన్నపం పంపింది. ఊరూరూ తిరిగి తాను స్వయంగా చూసినవి రాసింది. బోనుల్లో, నేలమాళిగల్లో, పశువుల కొట్టాల్లో మనుషుల్ని పెట్టారని, గొలుసులేసి, బట్టల్లేకుండా, బెత్తాలతో కొట్టి అదుపులో పెడుతున్నారని ఊళ్ల పేర్లతో సహా చెప్పింది. ఊళ్ల పెద్దలకి కోపం వచ్చింది. మా ఊరి పరువు తీస్తున్నావు అన్నారు. ఇలినాయ్‌కి కూడా వచ్చి ఆమె ఒత్తిడి తెస్తే 1847లో జాక్సన్‌విల్ ఆసుపత్రికి చట్టం అయింది. ఊరి కొట్టంలోంచి రోగుల్ని కాపాడ్డానికి కట్టిన చోటే పదమూడేళ్లకి ఎలిజబెత్‌ని పడేయడానికి పనికొచ్చింది. డిక్స్ తప్పేమీ లేదు ఇందులో. ఆసుపత్రి గోడలు కొత్తవి, లోపలికి ఎవర్ని పంపాలో చెప్పే నోళ్లు మాత్రం పాతవే.

బీదవాళ్ల సంగతీ ఇందులోకే వస్తుంది. ఈశాన్య అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ఊళ్లలో, శతాబ్దం మొదటి సగంలో, దిక్కులేనివాళ్లని వేలం వేసేవాళ్లు. మామూలు వేలం కాదు, తిరగేసిన వేలం. ఈ ముసలాయన్ని ఏడాది పాటు పోషించడానికి ఊరు నీకెంత ఇవ్వాలి అని అడుగుతారు. అందరికన్నా తక్కువ అడిగినవాడికి ఆయన్ని అప్పగిస్తారు. తక్కువ డబ్బుకి ఒప్పుకున్నవాడు ఏం తిండి పెడతాడో, ఎంత పని చేయించుకుంటాడో ఊహించుకోవచ్చు. వేలంలో ఉన్నది ఎవరో అనామకుడు కాదు. పేరు, ఇల్లు, వాళ్ల తాత సంగతి, అన్నీ తెలిసిన మనిషి. 1824లో న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ యేట్స్ ఇచ్చిన నివేదిక ఈ పద్ధతిలోని క్రూరత్వాన్ని బయటపెట్టింది. దాని తర్వాత జిల్లా బీదల ఆశ్రమాలు కట్టారు. వాటిలో ముసలివాళ్లు, పసిపిల్లలు, మతిలేనివాళ్లు అందరూ ఒకే కప్పు కింద. ఆ కథ పొడుగు, వదిలేద్దాం.

ఇప్పుడు రోడ్ ఐలండ్‌కి వెళ్దాం, ఎక్సెటర్ అనే ఊరికి. 1820లో అక్కడ దాదాపు 2,500 మంది ఉండేవాళ్లు. 1892 నాటికి వెయ్యిమంది కూడా లేరు. నేల రాళ్లనేల. పడమరలో మంచి భూములు దొరుకుతున్నాయి, రైలు ఉంది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో క్షయ ఉంది. జార్జ్ బ్రౌన్ అనే రైతు ఇంట్లో ముందు భార్య పోయింది, తర్వాత పెద్ద కూతురు పోయింది. కొడుకు ఎడ్విన్‌కి పట్టుకుంది. కొలరాడో గాలి మంచిదంటే అక్కడికి వెళ్లి, కుదరక తిరిగొచ్చాడు. ఈలోగా 1892 జనవరిలో పంతొమ్మిదేళ్ల మెర్సీ అదే జబ్బుతో పోయింది.

ఊళ్లో మాట పుట్టింది. చచ్చినవాళ్లలో ఒకరు నిజంగా చావలేదు, బతికున్న ఎడ్విన్‌ని తినేస్తున్నారు అని. శవాల్ని తవ్వి చూడాలి, గుండెలో రక్తం ఉంటే కాల్చేయాలి. మెర్సీ తండ్రికి ఈ నమ్మకం లేదు. ఈ ముక్క నాకు చాలా ముఖ్యం. ఆయనకి నమ్మకం లేదు, కానీ ఒప్పుకున్నాడు. ఇరుగుపొరుగు వచ్చి అడుగుతున్నారు, మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. కాదంటే రేపు కొడుకు పోయాక, చేయగలిగిన పని కూడా చేయలేదు అంటారు. ఊరి మీద ఇంకో చావు పడినా ఆయన మీదే పడుతుంది.

మార్చి 17న తవ్వారు. హెరాల్డ్ మెట్‌కాఫ్ అనే డాక్టరుని తీసుకెళ్లారు. తల్లి, పెద్ద కూతురు ఎముకలై ఉన్నారు. మెర్సీ శవం చెడలేదు. చెడకపోవడంలో వింత లేదు. చలికాలంలో పోయింది, నేల గడ్డకట్టి ఉందని రాతి గదిలో ఉంచారు, అయ్యింది రెండు నెలలు. డాక్టరు అదే చెప్పాడు. ఊపిరితిత్తుల్లో క్షయ కనిపిస్తోందనీ చెప్పాడు. వినలేదు. గుండె, కాలేయం తీసి పక్కనే రాతి మీద కాల్చారు. ఆ బూడిద నీళ్లలో కలిపి ఎడ్విన్ చేత తాగించారు. రెండు నెలలు తిరక్కుండా పోయాడు.

రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుక్కున్నది 1882లో. అప్పటికి పదేళ్లయింది. పత్రికల వాళ్లు ఈ పల్లెటూరి మూఢత్వం చూడండి అని రాశారు. నాకు ఆ నవ్వు నచ్చదు. క్రిమి సంగతి తెలిసిన డాక్టర్ల దగ్గర కూడా 1892లో క్షయకి మందు లేదు. ఇంట్లో ఒక్కొక్కరే పోతుంటే చూస్తూ కూర్చోలేక ఏదో చేశారు. నన్ను ఇబ్బంది పెట్టేది మూఢనమ్మకం కన్నా ఆ ఒత్తిడి. నమ్మని మనిషి తన కూతురి గుండె తీయడానికి తలూపాల్సి వచ్చింది.

ఊరు చూసీ చూడనట్టున్న వాటిలో మందు సీసా ఒకటి. విన్స్‌లో సిరప్ అని పిల్లల్ని నిద్రపుచ్చే మందు వచ్చేది, అందులో ఉన్నది మార్ఫిన్, అంటే నల్లమందు నుంచి తీసేదే. ఆడవాళ్ల నొప్పులకి, నిద్రకి, దగ్గుకి, అన్నిటికీ నల్లమందు కలిపిన సీసాలు డాక్టరు చీటీ లేకుండా కిరాణా కొట్లో దొరికేవి. 1878లో మిషిగన్‌లో ఒక డాక్టరు తోటి డాక్టర్లకి ఉత్తరాలు రాసి లెక్క తీశాడు. నల్లమందు అలవాటున్నవాళ్లు 1,313 మంది తేలితే అందులో 803 మంది ఆడవాళ్లు. బారుకి వెళ్లే మగవాడు వీధిలో కనిపిస్తాడు. వంటింట్లో చెంచాతో పోసుకునేది ఎవరికి కనిపిస్తుంది? సీసా మీద లోపలేముందో రాయాలన్న చట్టం 1906 దాకా రాలేదు.

ఇక రాత్రిపూట సంగతి. 1880ల చివర్లో దక్షిణ ఇండియానాలో, అంటే మనకి పక్క రాష్ట్రమే, వైట్ క్యాప్స్ అని ముసుగులేసుకున్న గుంపులు బయల్దేరాయి. గుమ్మంలో బెత్తాల కట్ట పెట్టి, దాంతో ఒక చీటీ పెట్టేవాళ్లు. పద్ధతి మార్చుకో, లేదా ఊరొదిలి పో అని. పెళ్లాన్ని కొట్టేవాడికి పెట్టారు, తాగుబోతుకి పెట్టారు. ఇంతవరకు వినగానే మంచిదే కదా అనిపిస్తుంది. నాకూ ఒక క్షణం అనిపించింది. తర్వాత పని చేయని బద్ధకస్తుడికి పెట్టారు. తర్వాత ఒంటరిగా ఉంటూ ఇంటికి మగవాళ్లు వస్తున్నారని ఊళ్లో మాట పడిన ఆడదానికి పెట్టారు. మారనివాళ్లని రాత్రి వచ్చి కొడుతుంటే, ఏడుపులు వినపడ్డా ఎవరూ తలుపు తీయలేదు. ముసుగు వెనక ఉన్నది ఎవరో గొంతుని బట్టి, గుర్రాన్ని బట్టి ఊరంతటికీ తెలుసు. పొద్దున్నే అదే మనిషి కొట్లో ఉప్పు కొంటూ కనిపిస్తాడు.

టెనెసీలోని సెవియర్ జిల్లాలో ఇది ముదిరింది. 1892 ప్రాంతంలో నీతి నిలబెడతాం అని మొదలై, నాలుగేళ్లు తిరిగేసరికి దొంగతనాల్లోకి, హత్యల్లోకి దిగింది. వాళ్లకి వ్యతిరేకంగా బ్లూ బిల్స్ అని ఇంకో గుంపు పుట్టింది. 1896 డిసెంబరులో విలియం వేలీ, లారా వేలీ అనే దంపతుల్ని ఇంట్లోనే కాల్చి చంపారు. లారా తోబుట్టువు అదే ఇంట్లో ఉంది, చూసింది, తర్వాత కోర్టులో చెప్పింది. ఆ ధైర్యం వల్లే కేసు నిలబడింది. ప్లెస్ విన్, కాట్లెట్ టిప్టన్ అనే ఇద్దర్ని 1899లో సెవియర్‌విల్‌లో ఉరితీశారు. అన్ని సంవత్సరాలు ఎవరికీ ఏమీ తెలియని ఊళ్లో ఒక్క సాక్షి నోరు విప్పితే ఎంత తేడా వచ్చిందో చూడండి.

నోరు విప్పకపోతే ఏమవుతుందో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ చెప్తుంది. అది పొలాల ఊరు కాదు, యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ బొగ్గు గనుల ఊరు. కంపెనీ తక్కువ కూలికి చైనా కార్మికుల్ని తెచ్చింది. తెల్ల కార్మికుల కోపం కంపెనీ మీద చూపించలేక వీళ్ల మీదికి మళ్లింది. 1885 సెప్టెంబరు 2న పట్టపగలు గుంపుగా వెళ్లి చైనావాళ్ల పేటని తగలబెట్టారు. కనీసం 28 మంది చనిపోయారు. దాదాపు 80 ఇళ్లు బూడిదయ్యాయి. ఇళ్లలో దాక్కున్నవాళ్లు కొందరు అందులోనే కాలిపోయారు. ఆడవాళ్లు, పిల్లలు చూస్తూ నిలబడ్డారు. 16 మందిని అరెస్టు చేశారు. కేసు నడపాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ కూర్చుంది. చాలామందిని విచారించింది. ఫలానా తెల్లమనిషి ఫలానా నేరం చేశాడని చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ దొరకలేదు అని తేల్చింది. విడుదలై వచ్చినవాళ్లకి ఊరు కేకలతో స్వాగతం చెప్పింది. పాస్టరు భార్య బైబిల్ తరగతిలో ఏమందో ఏళ్ల తరబడి గుర్తుంటుంది. 28 మందిని పట్టపగలు చంపితే ఎవరికీ కనపడదు.

తర్వాత ఫెడరల్ ప్రభుత్వం చైనాకి 1,47,748 డాలర్ల పైచిలుకు పరిహారం ఇచ్చింది. ఊళ్లో సైన్యం పదేళ్లకి పైగా ఉంది. శిక్ష మాత్రం ఒక్కరికీ పడలేదు. మన ముఖాలతో ఈ దేశంలో బతుకుతున్నవాళ్లం, మనం ఈ ఊరి పేరు తెలుసుకోవాలి అని నాకనిపిస్తుంది. చైనావాళ్ల కథ అని పక్కన పెట్టేది కాదు.

ఆఖరుగా విస్కాన్సిన్‌లో బ్లాక్ రివర్ ఫాల్స్. ఆ ఊళ్లో చార్లెస్ వాన్ షేక్ అనే ఫొటోగ్రాఫర్ స్టూడియో నడిపాడు. ఆయన ఫొటోలు తీసిన గాజు పలకలు వేల సంఖ్యలో ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లి ఫొటోలు, గుర్రాలతో ఫొటోలు, పెట్టెల్లో పడుకోబెట్టిన పసిపిల్లల ఫొటోలు. గొంతువాపు జబ్బు, అదే డిఫ్తీరియా, వస్తే ఒకే ఇంట్లో వారం తిరక్కుండా ముగ్గురు నలుగురు పిల్లలు పోయేవాళ్లు. బతికుండగా ఫొటో తీయించే స్తోమత లేదు, పోయాక ఒక్కటి తీయించారు. 1893లో బ్యాంకులు పడిపోయాయి, అప్పటికే పైన్ అడవులు నరికేసి కలప పని తగ్గిపోతోంది. ఆత్మహత్యలు, కొట్టాలకి నిప్పు పెట్టడాలు, పిచ్చాసుపత్రికి పంపడాలు, వారపత్రికలో వాతావరణ వార్తల పక్కనే రెండు మూడు వాక్యాల్లో వచ్చేవి.

అదే స్టూడియోలో, అదే తెర ముందు కూర్చున్న ఇంకో జనం కూడా ఉన్నారు. హో-చంక్ తెగవాళ్లు. ఆ నేల వాళ్లది. 1873-74 చలికాలంలో సైనికులు వాళ్లని పోగుచేసి నెబ్రాస్కాకి తరిమారు. దారిలో, వెళ్లాక చాలామంది పోయారు. మిగిలినవాళ్లలో ఎందరో నడుచుకుంటూ వెనక్కి వచ్చేశారు. అంతకు ముందు కూడా వాళ్లని చాలాసార్లు తరిమారు, వాళ్లు తిరిగొచ్చారు. ఊరి మంచిచెడ్డలు చెప్పేటప్పుడు ఊరు ఎవరి నేల మీద వెలిసిందో చెప్పకుండా వదిలేస్తాం. నేను కూడా దీన్ని ఆఖర్న చెప్తున్నాను, గమనించే ఉంటారు.

నేను చెప్పదలుచుకున్నవి ఇవి. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకావిడ: ఎలిజబెత్‌కి పిల్లలు మళ్లీ దొరికారా?)

దొరికారు. 1869లో. కోర్టు గొడవ జరగబోతుంటే భర్తే పిల్లల్ని వదులుకున్నాడు. అప్పటికి చిన్నవాడికి పదేళ్లు వచ్చేశాయి, తల్లికి దూరంగా పెరిగిన పిల్లలు. ఇద్దరూ విడాకులు తీసుకోలేదు, కలిసీ ఉండలేదు. ఆయన 1885లో పోయాడు. ఆమె 1897లో షికాగోలో పోయింది, ఎనభయ్యేళ్లు.

(ఇంకొకరు: ఆ డాక్టరు మెక్‌ఫార్లాండ్‌కి ఏమైనా శిక్ష పడిందా?)

శిక్ష లేదు. 1867లో చట్టసభ వేసిన కమిటీ ఆయన్ని తీసేయమని చెప్పినా, వెంటనే తీయలేదు, ఇంకో మూడేళ్లు ఉన్నాడు. తర్వాత జాక్సన్‌విల్‌లోనే సొంత ఆసుపత్రి పెట్టుకున్నాడు. చాలా కాలానికి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రాష్ట్ర ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. మీలో ఎవరైనా అటు ఉద్యోగాలు చేసి ఉంటే ఆ పేరు వినే ఉంటారు. 2023లో ఆ పేరు తీసేశారు. ఇప్పుడు దాని పేరు ఎలిజబెత్ పార్సన్స్ వేర్ ప్యాకర్డ్ మెంటల్ హెల్త్ సెంటర్.